పద్దెనిమిది మెట్ల పైన అనాస

ఆగస్టు 9, శనివారం

ఎనిమిది పాయింట్ ఆరు.

ముప్పై నాలుగేళ్ళు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని. అంకె పెద్దదైనందుకు తిట్లు తినడం నాకిదే మొదటిసారి. మోకాళ్ళ డాక్టరు వెంకటేశ్వరరావు నా మూడు నెలల షుగర్ కాగితాన్ని దొంగనోటు చూసినట్టు వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "ఏడున్నర దాటితే నేను కత్తి పట్టనమ్మా, పుండు మానదు. నవంబర్లో మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఏడున్నర లోపు ఉంటే డిసెంబర్లో మోకాలు మారుద్దాం. లేకపోతే వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషితో వచ్చే ఏడాది చూద్దామనడానికి చాలా ధైర్యం కావాలి.

మార్చాల్సింది కుడి మోకాలు. ఎడమది ఇంకా చెప్పిన మాట వింటోంది.

కోడలు రెబెక్కా కొంపల్లిలో ఒక ఆసుపత్రిలో నర్సు. కారులో షామీర్‌పేట దాకా ఆ కాగితమే చదివింది. ఇంటికి రాగానే ఫ్రిజ్ తెరిచి నా ఖర్జూరాలు, మామిడి తాండ్ర, మొన్నటి పుట్టినరోజు కేకులో మిగిలిన ముక్క, అన్నీ ఒక సంచిలో వేసి, సంచిని తన బీరువాలో పెట్టి తాళం వేసింది. కేకును పట్టుచీరల పక్కన పెట్టే కోడలు నాకే దొరికింది.

"అత్తమ్మా, ఇగ నవంబర్ దాక నేను పెట్టిందే తినాలె. ఏం తిన్నరో రోజూ రాయుండ్రి. నిజం రాయాలె."

రాస్తాను. అందుకే మనవరాలు కెజియా ఇంటర్లో వాడకుండా వదిలేసిన ఈ రికార్డు పుస్తకం తీశాను. వాళ్ళకు చూపించడానికి వేరే కాగితం ఉంది. నిజం మాత్రం ఇందులో.

ఆగస్టు 10, ఆదివారం

చర్చికి పోలేదు. చర్చి మెట్లు ఏడు. ఫోన్లో ఆరాధన చూశాను. పాస్టరు ప్రసంగాన్ని మధ్యలో ఆపి టీ పెట్టుకునే వీలు చర్చిలో ఎన్నడూ దొరకలేదు.

టీలో చక్కెర లేదు. దాన్ని టీ అంటున్నది అలవాటు కొద్దీ.

ఆగస్టు 13, బుధవారం

కెజియా బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి ఒక్క కేక పెట్టింది.

"అవ్వా! నీ బకెట్ల కాయ వచ్చింది! జల్దీ రా!"

జల్దీ రమ్మంటుంది. పిల్లకు సంతోషంలో నా మోకాలు గుర్తులేదు. తర్వాత నాలుక కరుచుకుని ఫోటో తీసుకొచ్చింది.

దేవుడా. కత్తుల్లాంటి ఆకుల మధ్య, పిడికెడంత, ఎర్రగా, ఒళ్ళంతా కళ్ళతో, నెత్తి మీద చిన్న కుచ్చుతో. అనాస! నా అనాస! ఫోటోను పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను, కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూశాను.

రెండేళ్ళ కింద మేడ్చల్ మార్కెట్లో కొన్న పండు కోసి, దాని కుచ్చు విరిచి, ఖాళీ అయిన రంగు బకెట్లో మట్టి నింపి గుచ్చింది నేనే. ఆ బకెట్టు మోసుకుని పద్దెనిమిది మెట్లు ఎక్కింది కూడా నేనే. పక్కింటి లక్ష్మమ్మ వాళ్ళ నీళ్ళ ట్యాంకు నీడన పెట్టాను. ఆ ట్యాంకు ఎప్పుడూ కారుతుంది. ఎందుకు బాగుచేయించవని రెండేళ్ళుగా పోట్లాడుతున్నాను. ఇప్పుడర్థమైంది, నా మొక్కకు నీళ్ళు పోసింది ఆ చిల్లే.

చిక్కల్లా ఒక్కటే. కుచ్చుకు వేళ్ళు రాగానే ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. "దీని తొలి ఫలం కోత పండుగకు దేవుని బల్ల మీద పెడతాను" అని సంఘమంతటి ముందు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. జీవశాస్త్రం చెప్పినదాన్ని, మన ఎండలకు బకెట్లో అనాస కాయదని నాకు బాగా తెలుసు. కాయని పండు దేవుడికిస్తాననడానికి పోయేదేముంది అనుకున్నాను.

ఆయన విన్నాడు.

ఆగస్టు 14, గురువారం

ఇంట్లో ఎవరూ లేనప్పుడు మెట్లు ఎక్కి చూశాను. మూడు ఎక్కాను. కూర్చుని దిగాను. చీర వెనకాల మెట్ల దుమ్మంతా నాదే.

ఇది ఎవరికీ చెప్పే సంగతి కాదు.

ఆగస్టు 20, బుధవారం

లక్ష్మమ్మ ఇప్పుడు మా అనాసకు విలేకరి. చెరువు దారిలో వాళ్ళకు ఒకప్పుడు పొలాలుండేవి, ఇప్పుడు వాటిలో కొడుకు ప్రణయ్ ప్లాట్లు అమ్ముతున్నాడు. ఆమెకు మాత్రం ఇంకా పొద్దున్నే లేచి ఏదో ఒక చెట్టును చూడకపోతే తోచదు. నాకంటే ఆరేళ్ళు చిన్న. మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. రోజూ వాళ్ళ డాబా ఎక్కి కిందనున్న నాకు కేకేసి చెబుతుంది.

"టీచరమ్మా! గియ్యాల ఇంత అయింది!" అని పిడికిలి చూపిస్తుంది. నిన్నా అదే పిడికిలి చూపించింది.

ఇవాళ గోడ దగ్గరికి దిగివచ్చి రహస్యంగా, "అక్కా, పైనాపిల్ తింటె మోకాళ్ళ వాపు గుంజుకపోతదట. ఫోన్ల వచ్చింది" అంది.

"నీ ఫోన్లో రోజుకో పండు లోకాన్ని కాపాడుతుంది. మొన్న సొరకాయ రసంతో గుండె బాగుచేసినవు."

"నవ్వకు. అండ్ల ఏదో ఉంటదట. బ్రొమ్... బ్రొమ్..."

"బ్రొమిలైన్. అది ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము. కాండంలో, నడిమి గట్టి భాగంలో ఎక్కువుంటది. వాపు తగ్గిస్తదని కొన్ని పరీక్షల్లో వచ్చింది, కొన్నింట్లో రాలేదు. అది కూడా మాత్రల్లో ఇచ్చి చూసిండ్రు. నాలుగు ముక్కలు తింటే మోకాలు బాగైతదని ఎవరూ రుజువు చేయలేదు."

"చేయలేదా?" లక్ష్మమ్మ చీర కొంగు సర్దుకుంది. "అయితె నువ్వు చెయ్యి."

లోపలికొచ్చి పాత పుస్తకాలు తీశాను. ఊరికే, లెక్క సరిచూద్దామని. వంద గ్రాముల అనాసలో ఎనభై ఆరు గ్రాములు నీళ్ళే. యాభై కాలరీలు. రోజుకు కావలసిన సి విటమిన్లో సగానికి పైగా. మాంగనీసు దాదాపు సగం రోజుకు సరిపడా. ఎముకలకు మంచిది. కాస్త పీచు. కొవ్వు దాదాపు సున్న. ఎంత మర్యాదస్తురాలైన పండు!

చక్కెర పది గ్రాములు.

ఆగస్టు 22, శుక్రవారం

ఆలోచించాను. ప్రయోగం చేయకుండా ఒక విషయాన్ని కొట్టిపారేయడం శాస్త్రీయ దృక్పథం కాదు. ఈ ముక్క తొమ్మిదో తరగతికి ప్రతి జూన్లో చెప్పేదాన్ని.

కొడుకు గిడియోన్ జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. భోజనాల దగ్గర ఊరికే అడిగినట్టు అడిగాను. "ఆ బ్రొమిలైన్ మాత్రలు దొరుకుతయమ్మా, డాక్టరును అడిగి తెస్తా" అన్నాడు. మాత్రకు వాసన ఉంటుందా అని అడిగాను. ఉండదన్నాడు. అక్కర్లేదన్నాను.

సాయంత్రం గోడ దగ్గర లక్ష్మమ్మకు విషయం వివరించాను. ఆమెకు కొనడం, కోయడం. నాకు తినడం. శాస్త్రానికి లాభం.

"నీ కోడలు నన్ను సంపుతది" అంది.

"ఆమెకు ఎవరు చెప్తరు?"

లక్ష్మమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆమె అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. "రెండు దినాలు ఆగు" అంది.

ఆగస్టు 26, మంగళవారం

వచ్చింది!

నాలుగింటికి, రెబెక్కా డ్యూటీలో ఉండగా, గోడ మీదుగా ఒక స్టీలు డబ్బా. మూతకు ఒక పక్క సొట్ట. లోపల నాలుగు ముక్కలు, పక్కన గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు.

"పల్లీలు ముందుగాల తిను. తరువాత అది" అని ఆజ్ఞాపించింది లక్ష్మమ్మ. ఎందుకంటే, "నాకేం ఎరుక, గట్లనే తినాలట" అంది. ఫోన్లో వచ్చి ఉంటుంది.

పల్లీలు తిన్నాను. తర్వాత కళ్ళు మూసుకుని మొదటి ముక్క.

నాలుక మీద ముందు తీపి, వెంటనే పులుపు, ఆ తర్వాత చిన్న చురచుర. ఆ చురుక్కు పిల్లలకు చెప్పేదాన్ని: బ్రొమిలైన్ మీ నాలుక మీది ప్రోటీన్లను కొరుకుతుందిరా, మీరు అనాసను తింటుంటే అనాస మిమ్మల్ని తింటుంది అని. పిల్లలు నాలుకలు బయటపెట్టి ఒకరివొకరు చూసుకునేవాళ్ళు. ఇవాళ వంటింటి అద్దంలో నేనూ చూసుకున్నాను. ఒక్కదాన్నే నిలబడి నవ్వాను. డెబ్బై రెండేళ్ళ ఆడది నాలుక బయటపెట్టి అద్దం ముందు నవ్వుతుంటే దాన్ని ఏమంటారో నాకు తెలుసు. అననీ.

చూపించే కాగితంలో: రెండు పుల్కాలు, బీరకాయ, మజ్జిగ.
ఇందులో: మోకాలి మందు, నాలుగు ముక్కలు.

ఆగస్టు 29, శుక్రవారం

మందు. నాలుగు ముక్కలు.

రెబెక్కా అన్నం గరిటె మార్చింది. మధ్యాహ్నం పళ్ళెంలో అన్నం చూసి, పక్షికి పెట్టినవా అన్నాను. "గరిటె గదే అత్తమ్మా" అంది. నర్సులు అబద్ధాలాడేటప్పుడు కూడా ముఖంలో ఏమీ కనబడదు. సూదులు గుచ్చి గుచ్చి అలవాటు.

సెప్టెంబర్ 2, మంగళవారం

మందు. ముక్కలు నాలుగే. కొలబద్ద పెట్టి కోసినట్టు ఒక్క సైజులో. వంకాయను కట్టెల్లా నరికే లక్ష్మమ్మ చేతికి ఇంత పనితనం ఎక్కడిదో. ఐదోది అడిగాను. "నాలుగే" అంది, ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టు.

ఐదింటికి రెబెక్కా ఆసుపత్రి నుంచి ఫోన్. వరండాలో కర్ర పట్టుకుని ఇరవై చుట్లు తిరగమని. శుక్రవారం కూడా సరిగ్గా ఇదే వేళకు చేసింది. దొరికిపోయానేమో అనుకున్నాను. లేదు. ఆమెకేమీ తెలియదు.

సెప్టెంబర్ 11, గురువారం

నొప్పి. ఇవాళ ఏమీ రాయను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

నిన్న రాత్రి రెబెక్కా డ్యూటీ నుంచి వచ్చి, తినకుండానే, నా మోకాలికి ఐసు పెట్టి కూర్చుంది. ఆమెకు తెలియకుండా నేను చేస్తున్న పని గుర్తొచ్చి మూడు సెకన్లు సిగ్గేసింది.

మందు. నాలుగు ముక్కలు.

సెప్టెంబర్ 24, బుధవారం

కెజియా టేపు పెట్టి కొలిచింది. కాయ పొడవు జానెడు. రంగు ఇంకా ఆకుపచ్చ. కింది కళ్ళు విప్పారుతున్నాయట. వారానికి ఒకటి చొప్పున ఫోటోలు వరసగా పెట్టుకున్నాను. గిడియోన్ చంటివాడుగా ఉన్నప్పుడు కూడా నేనిన్ని ఫోటోలు తీయించలేదు. అతను అన్నాడు ఈ మాట. నిజమే.

అక్టోబర్ 2, గురువారం

దసరా. లక్ష్మమ్మ జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, బంగారమని చెప్పి కాళ్ళు మొక్కింది. లేస్తూ లేస్తూ కొంగు కింది నుంచి డబ్బా తీసింది. రేపు శుక్రవారం వాళ్ళు ఊరికి పోతున్నారట, అందుకని ఒక రోజు ముందే మందు. ఇంత నమ్మకమైన మనిషిని ట్యాంకు గురించి ఎన్ని మాటలన్నానో.

అక్టోబర్ 11, శనివారం

స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంట్లోనే సమావేశం పెట్టారు, నేను కదల్లేనని. కొత్త కార్యదర్శి అశ్రిత నా శిష్యురాలే. కోత పండుగ భోజనాలకు అనాస జెల్లీ చేద్దామని నమూనా తెచ్చింది. గిన్నె వంచితే జెల్లీ వాగులా పోయింది.

"నాలుగు గంటలు ఫ్రిజ్‌ల పెట్టిన టీచర్, గట్టిపడ్తలేదు" అంది బిక్కమొహంతో.

"నలభై గంటలు పెట్టినా పడదు. జిలటిన్ ప్రోటీను. పచ్చి అనాస దాన్ని పుట్టకముందే తినేస్తున్నది. ముక్కలు ఉడకబెట్టి వెయ్యి, బ్రొమిలైన్ చస్తది. పదో తరగతిలో చెప్పిన. నువ్వు కిటికీలోంచి చూస్తుంటివి."

అందరూ నవ్వారు. నాకూ ఉత్సాహమొచ్చింది. అప్పుడే అశ్రిత అడిగింది, బల్ల మీది పండ్లు పండుగ తర్వాతి మంగళవారం రోగులకు పంచుతాం కదా, ఆ జాబితా పాత రూల్ ప్రకారమే రాయాలా అని.

"రూల్ ఎందుకు మారుస్తవు? నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు రాసిన రూలు అది. పండుగకు ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చికి రాలేనివాళ్ళందరూ రోగులే. మొహమాటపడకు. ఎంత పెద్దవాళ్ళైనా సరే, పేరు రాసెయ్యి."

అశ్రిత నా వైపు కాసేపు చూసి, "సరే టీచర్" అని రాసుకుంది. శ్రద్ధగల పిల్ల.

అక్టోబర్ 19, ఆదివారం

ఫోన్లో ఆరాధన. పదకొండో వారం.

అక్టోబర్ 25, శనివారం

పండుతోంది! కింది నుంచి పసుపు ఎక్కుతోంది. ఇవాళ మధ్యాహ్నం మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గాలి తిరిగి వాసన వచ్చింది. పద్దెనిమిది మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది. దానికి చేతనైంది.

నేను రెండేళ్ళు ఆశపడని పండు. ఇప్పుడు అందులో ఒక్క ముక్క తినాలని ఎంత ఆశగా ఉందో ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పలేను. లక్ష్మమ్మ డబ్బాలోది మందు. ఇది వేరు.

పాస్టరు జాషువాకు ఫోన్ చేశాను. అతనూ నా శిష్యుడే. ఈ మండలంలో ఎవరిని కదిపినా నా శిష్యులే, అదే తలనొప్పి.

"బాబూ, ఒక సందేహం. దేవునికి ఒకటి ఇస్తానని ఇంకొకటి ఇయ్యొచ్చా? మాటవరసకు, అనాస బదులు గుమ్మడికాయ. బరువులో ఎక్కువే ఉంటది."

అటువైపు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. "టీచర్, జవాబు రాసినంక కొట్టేస్తే మార్కులుండవని మీరే చెప్పిండ్రు కద."

నేను చెప్పినవన్నీ వీళ్ళు ఇంత బాగా గుర్తుపెట్టుకుంటారని అప్పుడే తెలిసుంటే తక్కువ చెప్పేదాన్ని.

నవంబర్ 8, శనివారం

పండు కోశారు.

గిడియోన్ వచ్చి, "అమ్మా, కుర్చీల కూసో, నేను, కెజియా పైకి లేపుకపోతం" అన్నాడు. నేనేమైనా ఉల్లిగడ్డల బస్తానా? పండే దిగివస్తుంది అన్నాను. కెజియా ఫోన్లో వీడియో చూపిస్తుంటే కింద కూర్చుని నేను నడిపించాను.

"కాడ కింద పట్టుకో. తిప్పకు! కుచ్చు విరుగుతది!"

"అవ్వా, ఆకులు గుచ్చుతున్నయ్!"

"గుచ్చనీ, రక్తం కొంచెమే వస్తది. పండు భద్రం!"

పక్క డాబా మీదనుంచి లక్ష్మమ్మ, "కొడవలి దెమ్మంటవా?" అని ఒకటే అరుపు. కొడవలి చూస్తే పండుకే గుండె ఆగేలా ఉంది.

తర్వాత నా ఒళ్ళో పెట్టారు. కిలో నూట యాభై గ్రాములు. వెచ్చగా ఉంది, ఎండ ఇంకా దాని ఒంట్లోనే ఉంది. అడుగున ముక్కు ఆనించి గంటసేపు కూర్చున్నాను. కుచ్చు ఆకు మీద తెల్ల రంగు మరక ఒకటి, బకెట్టు గుర్తు.

కెజియా చెవిలో గుసగుసలాడింది. "కోద్దామా అవ్వా? మార్కెట్ల ఇంకొకటి కొని పెడ్దాం. ఎవరికి ఎరుక?"

నాకు ఎరుక. పైనాయనకు ఎరుక. అయినా నేను నాలుగు సెకన్లు ఆలోచించాను. ఆ నాలుగు సెకన్లలో రెబెక్కా బల్ల మీది చాకు తీసి లోపల పెట్టేసింది.

నవంబర్ 9, ఆదివారం

కోత పండుగ. ఒక చేత కర్ర, ఒక చేత గిడియోన్ భుజం. ఏడు మెట్లు. ఎక్కాను. ఏడో మెట్టు మీద కళ్ళకు చీకట్లు కమ్మాయి కానీ ముఖం మామూలుగా పెట్టాను, హెడ్మిస్ట్రెస్ ముఖం.

బల్ల మీద వరి కంకులు, మక్కజొన్నలు, సొరకాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన ఒక కోడి. నడిమధ్య నా అనాస, కిరీటంతో. పాస్టరు జాషువా దాన్ని రెండు చేతులా ఎత్తి, "మన టీచరమ్మ మాట నిలబెట్టుకున్నరు" అన్నాడు. చప్పట్లు. కోడి కూడా కూసింది. పొంగిపోయాను. పొంగిపోవడంలో చక్కెర లేదని కోడలు ఒప్పుకుంది.

తర్వాత పండు అక్కడే వదిలి వచ్చాను. కారులో అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి చూశాను.

నవంబర్ 10, సోమవారం

పొద్దున రక్తమిచ్చాను. రేపు కాగితం. ఏడున్నర దాటితే వచ్చే ఏడాది.

లెక్క వేశాను. మంగళవారాలు, శుక్రవారాలు, పదకొండు వారాలు, నాలుగేసి ముక్కలు. లెక్క మధ్యలో ఆపేశాను. ఒకవేళ దాటితే అది నా నాలుక చేసిన పని. మోకాలి మందని రాశాను ఇందులో, ప్రతిసారీ. నిజం రాస్తానన్న పుస్తకంలో.

మోకాలికి ఏమీ కాలేదు. వాపు ఎప్పటిలాగే ఉంది. అది మందు కాదు. నాకు అనాస తినాలనిపించింది, తిన్నాను. ఇదీ నిజం.

నవంబర్ 11, మంగళవారం

నవ్వి నవ్వి అక్షరాలు వంకరపోతున్నాయి. వరసగా రాయాలి.

మూడింటికి అశ్రిత, మరో ముగ్గురు ఆడవాళ్ళు గంపతో వచ్చారు. చాలా మెల్లగా చెప్పులు విడిచారు. పాట పాడారు. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన: "మంచాన ఉన్న మా సహోదరి సుందరమ్మను..."

నేను కళ్ళు తెరిచి వెనక్కి చూశాను, ఏ సుందరమ్మ అని.

నేనే! మంచాన లేను, కుర్చీలో బల్లెంలా కూర్చుని ఉన్నాను. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదని ఆమెన్ దాకా పళ్ళు బిగబట్టాను. ఆ ఆమెన్ నేనన్నంత గట్టిగా ఎవరూ అనలేదు.

"అశ్రితా! నేను రోగినా?"

ఆ పిల్ల రిజిస్టరు తీసి చూపించింది. మొదటి పేజీలో నా చేతిరాతే. వరసగా మూడు ఆదివారాలు. "ఎంత పెద్దవాళ్ళైనా మొహమాటపడకని మీరే అన్నరు టీచర్. మీరు పదమూడు వారాలు రాలే."

రూలు బాగానే రాశాను. ఎక్కడా సందు లేదు.

అప్పుడు ఆమె గంపలో చెయ్యి పెట్టి, రోగి సుందరమ్మకు సంఘం పంపిన పండు బయటికి తీసింది. పసుపు పచ్చని ఒళ్ళు, నెత్తిన కుచ్చు, కుచ్చు ఆకు మీద తెల్ల రంగు మరక.

కోపం సగంలో ఉండగానే నవ్వొచ్చింది. నాకు నవ్వొచ్చేసరికి వాళ్ళకూ వచ్చింది. అప్పుడే సాక్ష్యం చెప్పినట్టు లేచి నిలబడబోయి మోకాలు గుర్తొచ్చి కూలబడ్డాను. గోడ మీదనుంచి లక్ష్మమ్మ తల, "ఏమైందే, ఎవరు పోయిండ్రు?" అని.

సరిగ్గా ఆ గోలలోకి రెబెక్కా వచ్చింది. చేతిలో కాగితం. ఆమె ముఖం చూస్తే ఏమీ తెలియదు, ఎప్పుడు తెలిసింది గనక. నా చేతికిచ్చింది. వెలుతురుకు ఎత్తిపట్టాను.

ఏడు పాయింట్ నాలుగు.

అశ్రిత వాళ్ళు మళ్ళీ పాట అందుకున్నారు. ఈసారి రోగుల పాట కాదు. లక్ష్మమ్మ గోడ తిరిగి రావడానికి ఓపిక లేక స్టూలు వేసుకుని దూకినంత పని చేసింది.

నాకేమో లోపల ఒక ముల్లు. ఇంత మంచి మార్కు దొంగతనంగా వచ్చిందేమోనని. అశ్రిత వాళ్ళు వెళ్ళాక చెప్పేద్దామని నోరు తెరిచాను. "రెబెక్కా, నేను ఒక తప్పు..."

ఆమె అప్పటికే పండు కడిగింది. చాకు తెచ్చింది. వంటింటి త్రాసు తెచ్చింది. చెక్కు తీసి, కళ్ళు తీసి, ముక్కలు కోసింది. నాలుగు. కొలబద్ద పెట్టినట్టు. త్రాసు మీద పెట్టి చూసింది. అల్మారా నుంచి ఒక స్టీలు డబ్బా తీసింది.

మూతకు ఒక పక్క సొట్ట.

గోడ దగ్గరున్న లక్ష్మమ్మ హఠాత్తుగా తల పైకెత్తి వాళ్ళ నీళ్ళ ట్యాంకును పరీక్షించడం మొదలుపెట్టింది.

"ఎనభై గ్రాములు అత్తమ్మా. ఎప్పటి లెక్కనే" అంది రెబెక్కా, పల్లీలు పక్కన పోస్తూ. "ఆ దినం మధ్యాహ్నం అర గరిటె అన్నం తక్కువ. పల్లీలు ముందు తింటే షుగర్ ఒక్కసారిగ ఎగరది. ఐదింటికి ఇరవై చుట్లు."

"నీకు ఎప్పటి నుంచి..."

"మొదటి రోజే లక్ష్మమ్మత్త ఆసుపత్రికే వచ్చి అడిగింది. టీచరమ్మ పైనాపిల్ అంటున్నది, ఇస్తే సస్తదా అని."

"నేను గట్లనలే! ఏమన్న అయితదా అన్న!" అంది లక్ష్మమ్మ ట్యాంకుతో.

"నాకు నేరుగా పెట్టొచ్చు కదా!"

"నేను పెడితే నాలుగు ముక్కలకు ఊరుకుంటరా? ఎనిమిది కావాలని పుస్తకాలు తీసి వాదిస్తరు. దొంగతనంగ అయితేనే లెక్కకు నిలబడ్తరు." అప్పుడు నవ్వింది. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ పిల్లకు నవ్వితే సొట్ట పడుతుందని మర్చిపోయాను.

నన్ను ఈ మండలంలో మోసం చేసినవాళ్ళు లేరు. ఇవాళ్టి వరకు అలా అనుకున్నాను. ఎంత హాయిగా మోసపోయాను!

తర్వాత ముక్క నోట్లో పెట్టుకున్నాను. నా పండు. పద్దెనిమిది మెట్ల పైన, చిల్లు ట్యాంకు నీడన, రంగు బకెట్లో రెండేళ్ళు పెరిగిన పండు. అందరూ నా ముఖమే చూస్తున్నారు.

పులుపు. చింతపండును తలదన్నే పులుపు. ఒక కన్ను దానంతటదే మూసుకుంది.

"ఎట్లున్నదవ్వా?" అంది కెజియా.

"అమృతం" అన్నాను. నాలుక మీద ఆ చురచుర మొదలైంది. నిజంగానే అమృతం.

నవంబర్ 13, గురువారం

మిగిలిన పండు జాబితాలోని మిగతా రోగులకు పంపించాను. మేమంతా ఒక్క రిజిస్టరు వాళ్ళం కదా. ముక్కతో పాటు చీటీ కూడా: పులుపు ఉంటుంది, ఉప్పు అద్దుకోండి.

డాక్టరు తేదీ ఇచ్చాడు. డిసెంబర్ 4.

నవంబర్ 14, శుక్రవారం

కింది ఆకులు ఒలిచి మూడు రోజులు ఆరబెట్టిన కుచ్చును బకెట్లో గుచ్చాను. కొత్త మట్టి. నేను కూర్చునే నొక్కాను, చేతులకు మోకాళ్ళతో పనిలేదు.

గిడియోన్ బకెట్టును వరండా పక్కనే, మెట్ల కింద పెట్టబోయాడు. "ఈడ ఉంటె రోజూ కండ్లముందే ఉంటది కదమ్మా."

"పైన పెట్టు."

"అమ్మా, మళ్ళ ఫోటోలు చూసుకుంట కూసుంటవా?"

"లక్ష్మమ్మ ట్యాంకు నీడన, అదే చోట. ఇది కాయడానికి రెండేళ్ళు. అప్పటికి నేనే పోయి కోసుకొస్తా."

అతను నా వైపు చూశాడు, రెబెక్కా వైపు చూశాడు. రెబెక్కా "పైననే పెట్టు" అంది. బకెట్టు ఎత్తుకుని ఎక్కాడు. కింద కూర్చుని అడుగుల చప్పుడు లెక్కపెట్టాను. పద్దెనిమిది. సరిపోయాయి.

ఈ తొలి ఫలం సంగతి ఈసారి చర్చిలో ఎవరికీ చెప్పలేదు.